785 నానోమీటర్ల రామన్‌తో నోటి క్యాన్సర్ ముక్కలు: 98 శాతం తెచ్చిన మోడల్ కొత్త రోగుల దగ్గర ఎందుకు పడిపోతోంది?

కాంతిరేఖ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. బుగ్గ లోపలి పొర నుంచి కోసి తీసిన ముక్కల మీద రామన్ స్పెక్ట్రాలు (లేజర్ వెలుగు అణువులను తాకి తరంగదైర్ఘ్యం మారి చెదిరే తీరు) తీసి, క్యాన్సర్ ముక్కనీ మామూలు ముక్కనీ వేరు చేయగలమా అని చూస్తున్నాం. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉంది.

పరికరాలు: 785 నానోమీటర్ల డయోడ్ లేజర్, ముక్క మీద పడే శక్తి 80 మిల్లీవాట్లు, ఫైబర్ ప్రోబ్, మైనస్ 70 డిగ్రీలకు చల్లబడే సీసీడీ కెమెరా. ఒక్కో చోట 10 సెకన్ల చొప్పున మూడుసార్లు తీసి సగటు తీసుకుంటున్నాం. చూసే పరిధి 400 నుంచి 1800 సెం.మీ⁻¹ (చెదిరిన వెలుగు లేజర్ నుంచి ఎంత జరిగిందో చెప్పే ప్రమాణం). రోగులు 24 మంది. ఒక్కొక్కరి నుంచి గడ్డ ముక్క ఒకటి, ఆపరేషన్ అంచు నుంచి మామూలు ముక్క ఒకటి, ఒక్కో ముక్క మీద 15 చోట్ల. మొత్తం 720 స్పెక్ట్రాలు. గడ్డ ముక్కలు పాథాలజీ నుంచి ఫార్మలిన్ (కణజాలం చెడకుండా నిలబెట్టే ద్రావణం) సీసాల్లో వస్తాయి. అంచు ముక్కలు థియేటర్ నుంచి నేరుగా సెలైన్‌లో వస్తాయి. ముక్కను గాజు స్లైడు మీద పెట్టి తీస్తాం.

ఇబ్బందులు ఇవి. 1300 నుంచి 1500 మధ్య పెద్ద మూపురంలా లేస్తోంది, పాలినోమియల్‌తో తీసేసినా ఏదో మిగిలిపోతోంది. ఫ్లోరసెన్స్ (రామన్‌ను కప్పేసే నేపథ్యపు వెలుగు) ఎక్కువ ఉన్న ముక్కల్లో స్పెక్ట్రం మీద చిన్న చిన్న అలలు కనిపిస్తున్నాయి, సగటు ఎంత తీసినా పోవడం లేదు. ఫినైల్‌అలనిన్ శిఖరం ఒకరోజు 1004 దగ్గర, ఇంకోరోజు 1007 దగ్గర ఉంటోంది. అన్నిటికన్నా పెద్ద బాధ: పీసీఏ, ఎల్‌డీఏ (స్పెక్ట్రాలను కొద్ది అంకెలకు కుదించి, వాటితో గుంపుల్ని వేరు చేసే లెక్కలు) వేసి, పది భాగాల క్రాస్ వాలిడేషన్ (ఒక్కో భాగాన్ని దాచి, మిగతావాటితో నేర్పి, దాచినదానిపై పరీక్షించడం) చేస్తే 98 శాతం సరిగ్గా వచ్చింది. తర్వాత వచ్చిన ఆరుగురు కొత్త రోగుల మీద అదే మోడల్ పెడితే బొమ్మా బొరుసూ వేసినట్టే ఉంది.

కణజాలం వదిలేసి రక్తపు సీరం వైపు వెళ్లమని కొందరంటున్నారు. అది తేలికా?

కటకం77

ముందు కాంతి సంగతి చెప్తాను. నమూనా సంగతి, లెక్కల సంగతి తెలిసినవాళ్లు ఇక్కడే ఉన్నారు, వాళ్లు చెప్తారు. నేను రాసే అంకెలన్నీ సెం.మీ⁻¹ లో, వేరే ప్రమాణమైతే పేరు రాస్తాను.

ఆ మూపురం మీ రోగులది కాదు, గాజుది. మామూలు స్లైడు గాజు 785 లేజర్ కింద సరిగ్గా ఆ ప్రాంతంలోనే వెడల్పుగా వెలుగుతుంది. గాజులోని మలినాల వల్ల వచ్చే వెలుగు అది, రామన్ శిఖరం కూడా కాదు. పరీక్ష చిన్నదే: ముక్క తీసేసి, ఖాళీ స్లైడు మీద అదే శక్తితో, అదే సమయంతో ఒక స్పెక్ట్రం తీయండి. అది ప్రతి ముక్కలోనూ ఒకేలా ఉండదు, చిక్కంతా అక్కడే. ముక్క రెండు మిల్లీమీటర్ల మందం ఉంటే గాజు తక్కువ కనిపిస్తుంది, పలచగా ఉంటే ఎక్కువ. గడ్డ ముక్కలూ అంచు ముక్కలూ ఒకే మందంలో కోయకపోతే మీ మోడల్ మందాన్ని నేర్చుకుంటుంది.

గాజు బదులు కాల్షియం ఫ్లోరైడ్ బిళ్ల వాడండి. దాని శిఖరం ఒక్కటే, 321 దగ్గర, మీ పరిధి బయట. ఖరీదు ఎక్కువ, కింద పడితే పగులుతుంది, కానీ కడిగి మళ్లీ మళ్లీ వాడొచ్చు. అంత డబ్బు లేకపోతే స్లైడుకు వంటింటి అల్యూమినియం ఫాయిల్ ముడతల్లేకుండా చుట్టి, మెరిసే వైపు పైకి పెట్టండి. ప్రోబ్‌తో తీసే పనికి అది బాగానే సరిపోతుంది. ఫాయిల్ మీద నూనె అంటి ఉంటుంది కాబట్టి ముందు ఎసిటోన్‌తో, తర్వాత ఇథనాల్‌తో తుడవాలి. ఆ తుడిచిన ద్రావకం పూర్తిగా ఆరాకే ముక్క పెట్టండి, లేకపోతే ఇథనాల్ 880 దగ్గర తన శిఖరం తెస్తుంది.

అలల సంగతి. మీ సీసీడీ వెనుక వైపు నుంచి వెలుగు తీసుకునే పలచని రకం అయి ఉండాలి. 785 లేజర్‌తో మీరు చూసే 400 నుంచి 1800 అంటే, నిజానికి 810 నుంచి 914 నానోమీటర్ల వెలుగు. ఆ పొడవుల్లో పలచని సిలికాన్ పొర సగం పారదర్శకంగా మారుతుంది. వెలుగు దాని రెండు ముఖాల మధ్య అటూ ఇటూ తిరిగి తనతో తానే కలిసి అలలు చేస్తుంది. ఇది యాదృచ్ఛిక నాయిస్ కాదు, అందుకే సగటుతో పోదు. వచ్చిన వెలుగును అది గుణిస్తుంది, దానికి కలపదు. అందుకే ఫ్లోరసెన్స్ పెరిగినకొద్దీ అలలూ పెరుగుతాయి, నేపథ్యాన్ని తీసేయడంతో పోవు. భాగించాలి. తెల్లని టంగ్‌స్టన్ దీపం వెలుగును ప్రోబ్ గుండా పంపి ఒక స్పెక్ట్రం తీసి దాంతో భాగిస్తే అలలు చాలావరకు సర్దుకుంటాయి. ఇంకా మంచిది అమెరికా కొలతల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ వారి ఎస్‌ఆర్‌ఎం 2241. 785 లేజర్ కిందే వెలిగే గాజు బిళ్ల అది, దాని అసలు ఆకారం ధ్రువపత్రంలో ఇస్తారు. మీరు తీసిన ఆకారాన్ని దాంతో పోలిస్తే మీ పరికరం మొత్తం ప్రతిస్పందన తెలుస్తుంది. ఒక షరతు: బిళ్లను ముక్క ఉండే చోటే, అదే దూరంలో పెట్టాలి. కొత్త కెమెరా కొనే అవకాశం వస్తే సిలికాన్ పొర మందంగా ఉండే డీప్ డిప్లీషన్ రకం అడగండి.

1004, 1007 తేడా లేజర్ జారడం వల్ల. 785 దగ్గర 0.1 నానోమీటరు జారితే స్పెక్ట్రం 1.6 జరుగుతుంది. మీ మూడు సెం.మీ⁻¹ తేడాకి 0.2 నానోమీటరు కన్నా తక్కువ చాలు. స్థిరీకరణ లేని డయోడ్ ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 0.3 నానోమీటరు జరుగుతుంది, అంటే ఏసీ ఆన్ చేసిన రోజుకీ చేయని రోజుకీ తేడా వచ్చేస్తుంది. లేజర్ వేసి అరగంట ఆగండి. ప్రతిరోజూ మొదట్లో, చివర్లో రెండు పనులు చేయండి. నియాన్, ఆర్గాన్ దీపంతో స్పెక్ట్రోగ్రాఫ్ అక్షం సరిచూడండి: 811.5, 837.8, 842.5, 865.4, 878.1, 912.3 నానోమీటర్ల గీతలు మీ పరిధి అంతా పరుచుకుని ఉంటాయి. తర్వాత పాలిస్టైరిన్ లేదా సైక్లోహెక్సేన్ తీయండి. పాలిస్టైరిన్ 1001.4 లో, 1602.3 లో ఉండాలి. సైక్లోహెక్సేన్ 801.3 లో. దీపం గీతలు సరిగ్గా ఉండి పాలిస్టైరిన్ జరిగి ఉంటే తప్పు లేజర్‌ది. రెండూ జరిగి ఉంటే స్పెక్ట్రోగ్రాఫ్‌ది. చాలామంది ఒక్క సిలికాన్ బిళ్ల 520 శిఖరం చూసి వదిలేస్తారు. ఒక బిందువుతో అక్షం జరిగిన దూరం తెలుస్తుంది కానీ అక్షం సాగడం తెలియదు.

ఇంకో మాట, గదిలో ట్యూబ్‌లైట్లు ఆర్పండి. ట్యూబులో ఆర్గాన్ ఉంటుంది. 842.5 నానోమీటర్ల గీత మీ అక్షం మీద 869 దగ్గర పడుతుంది, 912.3 గీత 1777 దగ్గర. కొల్లాజెన్ ప్రోలిన్ శిఖరం 855 పక్కన ఇలాంటి సన్నని గీత కనిపించి, దాన్నే కొత్త శిఖరం అనుకునే ప్రమాదం ఉంది. లేజర్ ఆపి, లైట్లు వేసి ఒకటి, ఆర్పి ఒకటి తీసి చూడండి.

ఫ్లోరసెన్స్ తగ్గించడానికి ముక్కను సెలైన్‌తో రక్తం పోయేదాకా కడగండి. తీసే ముందు అదే చోట లేజర్‌ను ఒకటి రెండు నిమిషాలు నిలబెడితే కొంత ఫ్లోరసెన్స్ వాడిపోతుంది. ఎంతసేపు నిలబెట్టినా సరే, ప్రతి చోటా అంతే ఉండాలి. మధ్యలో ముక్క ఆరిపోకుండా సెలైన్ చుక్క వేస్తూ ఉండండి. ఆరిన చోట ప్రోటీన్ పట్టీలు జరుగుతాయి, 80 మిల్లీవాట్లు ఆరిన కణజాలాన్ని మాడ్చగలవు కూడా.

1064 నానోమీటర్ల లేజర్‌కి మారమనే సలహా వస్తుంది. ఫ్లోరసెన్స్ తగ్గే మాట నిజం. కానీ రామన్ బలం తరంగదైర్ఘ్యపు నాలుగో ఘాతంతో పడిపోతుంది, అంటే 785 తో పోలిస్తే సుమారు 3.4 రెట్లు తక్కువ. పైగా సిలికాన్ కెమెరా అక్కడ పనికిరాదు, ఇండియం గాలియం ఆర్సెనైడ్ డిటెక్టర్ కావాలి, దాని నాయిస్ ఎక్కువ. మీ సమస్యకు అది మందు కాదు.

స్లైడుపెట్టె

కటకం77 గారు చెప్పినవన్నీ సరిచేసినా మీ 98 శాతం నమ్మదగింది కాదండి. కారణం మీ ప్రశ్నలోనే ఉంది: గడ్డ ముక్కలు ఫార్మలిన్‌లో, మామూలు ముక్కలు సెలైన్‌లో. రెండు గుంపుల మధ్య మీకు కనిపించే తేడాలో ఎంత క్యాన్సరో, ఎంత ఫార్మలినో విడదీయడం ఇక కుదరదు. ఫార్మలిన్ సొంత శిఖరాలు 1041, 1492 దగ్గర మిగులుతాయి. అది ప్రోటీన్లను ఒకదానికొకటి కట్టేస్తుంది కాబట్టి అమైడ్ పట్టీల (ప్రోటీన్ బంధాల గుర్తుల) ఆకారం మారుతుంది. కొవ్వు కొంత కొట్టుకుపోతుంది. సెలైన్‌లో రాత్రంతా నానబెట్టి కడిగితే శిఖరాలు తగ్గుతాయి కానీ కట్టుబడిన ప్రోటీన్ మళ్లీ విడిపోదు. ఆ ఆరుగురు కొత్త రోగుల ముక్కలు రెండూ ఒకే తీరున వచ్చి ఉంటే, మీ మోడల్ పడిపోవడానికి అదొక్కటే చాలు. వచ్చాయా?

ముక్కలు రెండూ ఒకే దారిలో రావాలి. థియేటర్‌లో కోసిన వెంటనే సెలైన్ తడిపిన గాజుగుడ్డలో చుట్టి, ఐసు పెట్టెలో పెట్టి, అదే రోజు తీయడం మంచిది. కుదరకపోతే ద్రవ నైట్రోజన్‌లో ముంచి మైనస్ 80లో దాచండి, తీసేటప్పుడు సెలైన్‌లో గది వేడికి రానివ్వండి. కరిగించాక మళ్లీ గడ్డకట్టించొద్దు. గడ్డకట్టించి కోయడానికి వాడే ఓసీటీ జిగురులో దింపిన ముక్క ఇవ్వొద్దని ముందే చెప్పండి, ఆ పాలిమర్ శిఖరాలు అంతటా ఉంటాయి. పాత పారఫిన్ దిమ్మెలు తెచ్చుకుంటే 1062, 1132, 1295, 1440 దగ్గర మైనం గీతలు వస్తాయి. జైలీన్‌లో ఎంత నానబెట్టినా పూర్తిగా పోవు.

సర్జన్‌తో కూడా మాట్లాడాలి. విద్యుత్ కాటరీతో కోసిన అంచు కొద్ది మందం మేర కాలి ఉంటుంది, ఫ్లోరసెన్స్ విపరీతంగా వస్తుంది. మీ మామూలు ముక్కలే ఆపరేషన్ అంచు నుంచి వస్తున్నాయి కాబట్టి ఇది మీకు నేరుగా తగులుతుంది. ముక్కను చల్లని కత్తితో తీసివ్వమని అడగండి. అంచులకు పాథాలజీ వాళ్లు పూసే రంగు సిరా కూడా ముక్కకు అంటకూడదు. ఇక మన దగ్గర రోగుల్లో చాలామందికి గుట్కా, జర్దా, కిళ్లీ అలవాటు ఉంటుంది. కాచు మరక పట్టిన పొర స్పెక్ట్రంలో నేపథ్యాన్ని లేపేస్తుంది. ఆ మరక గడ్డ వైపే ఎక్కువ ఉంటే మోడల్ కాచును క్యాన్సర్ అనుకుంటుంది. అలవాటు ఏమిటో, ఎన్నేళ్లో, ఏ బుగ్గలో పెట్టుకుంటారో ప్రతి రోగికీ రాసుకోండి.

ఇప్పుడు అసలు శిఖరాల గురించి. మామూలు బుగ్గ పొరలో కొవ్వు గుర్తులు బలంగా ఉంటాయి: 1302, 1440, సన్నని 1655, ఎస్టర్ 1745. గడ్డలో ప్రోటీన్ గుర్తులు పైకి వస్తాయి: 1004, 1250 చుట్టుపక్కల అమైడ్ 3, వెడల్పైన అమైడ్ 1. ఈ తేడా నిజమే, చాలా బృందాలు చూసినదే. కానీ దాని అర్థం జాగ్రత్తగా తీసుకోవాలి. 785 వెలుగు కణజాలంలోకి కొన్ని వందల మైక్రాన్లు దిగుతుంది. మామూలు బుగ్గలో పై పొర పలచన, దాని కింద కొవ్వు దగ్గర్లోనే ఉంటుంది. గడ్డలో పై పొర మందమై కొవ్వును కిందకు నెట్టేస్తుంది. అంటే మీరు కొలిచే దాంట్లో పెద్ద భాగం "కొవ్వు ఎంత దూరంలో ఉంది" అన్నదే కావచ్చు. నాలుక మీదా, చిగురు మీదా కొవ్వు అలా ఉండదు. బుగ్గ మీద నేర్చిన మోడల్‌ను నాలుక మీద పెట్టకండి. కెరటిన్ దట్టంగా ఉండే గట్టి అంగిలి సంగతి ఇంకా వేరు. శ్రీకాకుళం, విశాఖ తీరంలో అడ్డపొగ తాగేవాళ్లకు, అంటే చుట్ట నిప్పు నోట్లో పెట్టుకునేవాళ్లకు, జబ్బు వచ్చేది అంగిలి మీదే. అలాంటి రోగుల ముక్కల్ని బుగ్గ ముక్కలతో కలిపితే రెండూ చెడతాయి.

ఇంకో రెండు తప్పనిసరి. గుట్కా, వక్క వల్ల నోరు బిగుసుకుపోయే సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్‌లో కొల్లాజెన్ పేరుకుపోతుంది, 855, 938 పెరుగుతాయి, కొవ్వు గుర్తులు మరుగున పడతాయి. దానికి వేరే తరగతి పెట్టకపోతే మోడల్ దాన్ని క్యాన్సర్ వైపు నెడుతుంది. రెండోది, పొగాకు వాడేవారి నోట్లో "మామూలు" అంచు నిజంగా మామూలు కాదు, పొర అంతా ఎంతో కొంత మారే ఉంటుంది. పొగాకు అలవాటే లేనివారి ముక్కలు, ఉదాహరణకు జ్ఞానదంతం తీసేటప్పుడు అనుమతితో దొరికే చిన్న పొర, వేరే గుంపుగా చేర్చండి.

స్పెక్ట్రం తీసిన చోటనే సూదితో సిరా చుక్క పెట్టి, అక్కడి నుంచే కోత కోయించి, పాథాలజీ వాళ్లు మామూలుగా వేసే హెచ్‌ అండ్ ఈ రంగు వేయించండి. సిరా స్పెక్ట్రం అయ్యాకే. ఇద్దరు పాథాలజిస్టులు విడివిడిగా చదవాలి, స్పెక్ట్రం ఫలితం వాళ్లకు తెలియకూడదు. "గడ్డ ముక్క" అని సీసా మీద ఉన్నంత మాత్రాన 15 చోట్లా గడ్డే ఉండదు. కొన్ని చోట్ల చచ్చిన కణజాలం, కొన్ని చోట్ల ఉత్త కండరం.

వితరణ

98 ఎలా వచ్చిందో చెప్తాను. మీరు 720 స్పెక్ట్రాలను కలిపేసి పది భాగాలు చేశారు. ఒకే ముక్క మీద తీసిన 15 స్పెక్ట్రాల్లో పద్నాలుగో పదమూడో నేర్పే గుంపులో, మిగతావి పరీక్షించే గుంపులో పడ్డాయి. మోడల్ చేసింది జబ్బు గుర్తుపట్టడం కాదు, చూసిన ముక్కనే మళ్లీ గుర్తుపట్టడం. విడదీయాల్సింది రోగి లెక్కన. ఒక రోగి స్పెక్ట్రాలన్నీ, గడ్డవీ అంచువీ కలిపి, పక్కన పెట్టి మిగతా 23 మందితో నేర్పి, ఆ రోగి మీద పరీక్షించాలి. ఇలా 24 సార్లు. పీసీఏ కూడా ప్రతిసారీ ఆ 23 మందితోనే మళ్లీ వేయాలి. మొత్తం డేటా మీద ఒకసారి పీసీఏ వేసి, తర్వాత రోగుల్ని విడదీసినా లీకేజీయే, అంటే పరీక్షించే రోగి సమాచారం నేర్పే దశలోకి కారడమే. ఎన్ని పీసీలు తీసుకోవాలో ఎంచేది కూడా ఆ 23 మంది లోపలే చేసే మరో విడదీతలోనే.

ఫార్మలిన్, గాజు లాంటివి ఎంత పాడుచేశాయో తేల్చడానికి ఒక పరీక్ష ఉంది, ఈ రోజే చేయొచ్చు. 1800 నుంచి 2700 మధ్య కణజాలంలోని అణువులకు చెప్పుకోదగ్గ శిఖరాలు లేవు. మీ కెమెరాలో 1800 దాటి ఎంతవరకు వస్తే అంతవరకు, నేపథ్యం తీయకుండా, ఆ పరిధి ఒక్కదానితోనే గడ్డ, మామూలు అని వేరు చేయండి. అక్కడ కూడా బాగా వేరైతే, మోడల్ చూస్తున్నది అణువుల్ని కాదు, నేపథ్యాన్ని. ఆ నేపథ్యం రక్తమా, కాచా, ఫార్మలినా, మందమా అన్నది తర్వాతి మాట. రెండో పరీక్ష: తరగతి పేర్లను రోగుల లోపలే యాదృచ్ఛికంగా తారుమారు చేసి, మొత్తం ప్రక్రియను వందలసార్లు నడపండి. సగటు 50 శాతం చుట్టూ రాకపోతే ఎక్కడో లీక్ ఉంది. మూడోది: జబ్బు బదులు "ఏ రోజు తీశారు" అన్నది ఊహించమనండి. అది తేలిగ్గా ఊహించగలిగితే, గడ్డలన్నీ ఒకరోజు, అంచులన్నీ ఇంకోరోజు తీశారేమో మీ పుస్తకం తిరగేయండి. ఇకపై ఒక రోగి ముక్కలు రెండూ ఒకేరోజు, ఏది ముందో నాణెం వేసి నిర్ణయించి తీయాలి.

ముందస్తు శుద్ధి వరుస కూడా చెప్తాను, ఇక్కడ తడబడేవాళ్లు ఎక్కువ. కాస్మిక్ కిరణాల ముళ్లు మొదట తీయాలి. మీరు మూడింటి సగటు తీస్తున్నారు, ఒకదాంట్లో ముల్లు పడితే సగటులో మూడో వంతు మిగిలే ఉంటుంది. మూడింటినీ బిందువు బిందువుగా పోల్చి, ఒక్కదాంట్లోనే ఎగిసిన బిందువును మిగతా రెండింటి సగటుతో నింపి, ఆ తర్వాత సగటు తీయండి. తర్వాత చీకటి స్పెక్ట్రం (వెలుగు లేకుండా కెమెరా ఇచ్చేది) తీసివేత, తర్వాత పరికర ప్రతిస్పందనతో భాగహారం, తర్వాత అక్షం సవరణ. ఆ తర్వాతే నేపథ్యం. ప్రతిస్పందన సవరించక ముందే నేపథ్యం తీస్తే కటకం77 గారు చెప్పిన అలలు శాశ్వతంగా ఉండిపోతాయి. పాలినోమియల్ ఐదో ఘాతం దగ్గర ఆపండి. ఘాతం పెంచేకొద్దీ అది అమైడ్ లాంటి వెడల్పైన పట్టీలను కూడా మింగుతుంది. ఏది వాడినా అందరికీ అదే ఘాతం, అదే పరిధి. వెక్టర్ నార్మలైజేషన్, అంటే స్పెక్ట్రాలన్నిటినీ ఒకే మొత్తం బలానికి తేవడం, నేపథ్యం పోయాకే.

నేపథ్యం తీసేస్తే దాని నాయిస్ కూడా పోయిందనుకోకండి. ఫ్లోరసెన్స్ 20,000 ఎలక్ట్రాన్లు ఇస్తే దాని వర్గమూలం, అంటే దాదాపు 141, నాయిస్‌గా మిగులుతుంది. 100 ఎలక్ట్రాన్ల రామన్ శిఖరం అందులో మునిగిపోతుంది. సమయం నాలుగు రెట్లు చేస్తే నాణ్యత రెండు రెట్లే పెరుగుతుంది. అందుకే నమూనా దగ్గర ఫ్లోరసెన్స్ తగ్గించడం లెక్కలో తగ్గించడం కన్నా ఎప్పుడూ మేలు.

ఫలితం చెప్పేటప్పుడు స్పెక్ట్రాల లెక్కన కాదు, రోగుల లెక్కన చెప్పండి. మీకు ఉన్నది 720 కాదు, 24. ఇరవై నలుగురిలో ఒక్కటి కూడా తప్పకపోయినా, అసలు తప్పు రేటు సుమారు 12 శాతం దాకా ఉండే అవకాశాన్ని 95 శాతం నమ్మకంతో కొట్టేయలేం. మూడును రోగుల సంఖ్యతో భాగిస్తే వచ్చే అంకె అది.

కాంతిరేఖ

చాలా థ్యాంక్స్ అండి. ఖాళీ స్లైడు తీశాం, మూపురం అచ్చంగా అదే. మా కెమెరాలో 2000 దాకా వస్తుంది. 1800 నుంచి 2000 పరిధితోనే పాత డేటాలో రెండు గుంపులూ బాగా వేరైపోయాయి. రోగుల లెక్కన విడదీసినా వేరవుతున్నాయి, కాబట్టి ఫార్మలిన్ అనుమానం గట్టిపడింది. స్లైడుపెట్టె గారు అడిగినట్టే, కొత్త ఆరుగురి ముక్కలు రెండూ సెలైన్‌లోనే వచ్చాయి. పాత డేటా పక్కన పెట్టి, కాల్షియం ఫ్లోరైడ్ మీద మళ్లీ మొదలుపెడుతున్నాం.

ఇక మిగిలింది సీరం ప్రశ్న. అలాగే ముందుముందు ప్రోబ్‌ను నేరుగా నోట్లో పెట్టాలంటే శక్తి ఎంత ఉండాలి?

కటకం77

శక్తి సంగతి నేను చెప్తాను. అమెరికా వారి లేజర్ భద్రతా ఏఎన్‌ఎస్‌ఐ ప్రమాణంలో చర్మానికి, పది సెకన్లు దాటిన ప్రసరణకు, 785 దగ్గర పరిమితి చదరపు సెంటీమీటరుకు సుమారు 0.3 వాట్లు. దాన్ని 3.5 మిల్లీమీటర్ల వ్యాసం గల వలయం మీద సగటు చేసి లెక్కిస్తారు, అంటే మొత్తం 28 మిల్లీవాట్ల దాకా. మీ 80 దానికి చాలా పైన ఉంది. పైగా లోపలి పొర చర్మం కాదు, ఆ పరిమితిని అలాగే అరువు తెచ్చుకోవడం ఎథిక్స్ కమిటీకి విడిగా వివరించాల్సిన విషయం. రోగికీ, గదిలో ఉన్న అందరికీ 785కి సరిపోయే కళ్లద్దాలు ఉండాలి. ఆ వెలుగు కంటికి దాదాపు కనిపించదు, కాబట్టి రెప్ప వాల్చే రక్షణ మీద ఆధారపడలేం.

ప్రోబ్ కొనేటప్పుడు ఒక్కటి అడగండి: లేజర్ తెచ్చే ఫైబర్ చివర బ్యాండ్‌పాస్ ఫిల్టర్, వెలుగు తీసుకెళ్లే ఫైబర్ల ముందు లాంగ్‌పాస్ ఫిల్టర్ ఉన్నాయా అని. లేకపోతే ఫైబర్‌లోని సిలికా తన సొంత రామన్‌ను, ముఖ్యంగా 900 కింద, మీటర్ల పొడవునా పోగుచేసి తెస్తుంది. నోట్లో స్టెరిలైజ్ చేయడానికి ప్రోబ్ కొనకు తొడుగు వేస్తారు. ఆ తొడుగు ప్లాస్టిక్ స్పెక్ట్రం కూడా విడిగా తీసి పెట్టుకోండి.

స్లైడుపెట్టె

సీరం తేలిక అనుకోవద్దండి, కష్టం ఇంకోచోటికి మారుతుంది, అంతే. మామూలు రామన్‌లో సీరం చూస్తే 1156, 1520 దగ్గర కెరోటినాయిడ్లు కనిపిస్తాయి. అవి తిండిని బట్టి మారతాయి. నోటి క్యాన్సర్ రోగి నోరు తెరవలేక, నమలలేక గంజి మీద బతుకుతుంటే ఆ శిఖరాలు తగ్గుతాయి. మీ మోడల్ దాన్ని క్యాన్సర్ అంటుంది, నిజానికది ఆకలి. గుంపు పోలికకు అదే తీరున తినలేని, కానీ క్యాన్సర్ లేని రోగులు కావాలి, ఫైబ్రోసిస్ రోగుల్లాంటివారు.

వెండి నానోకణాలతో బలం పెంచే సెర్స్ వైపు వెళ్తే, సిట్రేట్‌తో చేసిన కొల్లాయిడ్ మీద సీరం ఇచ్చే పెద్ద శిఖరాల్లో ఎక్కువ భాగం యూరిక్ ఆమ్లానివి, 638, 1134 దగ్గర, హైపోక్సాంథిన్‌ది 725 దగ్గర. వెండికి బాగా అంటుకునే అణువులే కనిపిస్తాయి, ఎక్కువ ఉన్నవి కాదు. రక్తం తీసిన గొట్టాన్ని బల్ల మీద వదిలేస్తే ఎర్ర కణాల నుంచి హైపోక్సాంథిన్ బయటికి వస్తూనే ఉంటుంది. క్యాన్సర్ వార్డు నుంచి గొట్టం రెండు గంటలు ఆలస్యంగా వచ్చి, ఆరోగ్యవంతుల గొట్టం పక్కగదిలోంచి వెంటనే వస్తే 725 శిఖరం రెండు గుంపుల్నీ అద్భుతంగా వేరు చేస్తుంది. పరగడుపున, ఒకే రకం గొట్టంలో, గది వేడిలో అరగంట గడ్డకట్టనిచ్చి, వెంటనే సెంట్రిఫ్యూజ్ చేసి, చిన్న చిన్న వాటాలుగా మైనస్ 80లో పెట్టండి. గులాబీ రంగు తిరిగిన సీరం తీసుకోకండి. ప్రతి వాటా మీద రక్తం తీసిన గంట, తిప్పిన గంట రెండూ రాయండి.

వితరణ

ఒక చివరి లెక్క, దేనికోసం చేస్తున్నామో తేల్చుకోవడానికి. వెయ్యి మంది మామూలు జనంలో పది మందికి జబ్బు ఉందనుకోండి. పరీక్ష జబ్బున్నవారిలో 90 శాతాన్ని పట్టి, లేనివారిలో 90 శాతాన్ని సరిగ్గా వదిలేస్తుంది. అప్పుడు తొమ్మిది మందిని పడుతుంది, 99 మందిని అనవసరంగా భయపెడుతుంది. ఉందని చెప్పినవారిలో నిజంగా ఉన్నది నూటికి ఎనిమిది మందికి. అదే పరీక్షను, దంతవైద్యుడు ఇప్పటికే అనుమానించిన తెల్లమచ్చల మీద, వంద మందిలో ముప్పై మందికి జబ్బుండే చోట పెడితే, 27 నిజం, ఏడు అబద్ధం. పరీక్ష మారలేదు, పెట్టిన చోటు మారింది.

చర్మ క్యాన్సర్ పరీక్ష కూడా ఇదే దారిలో నడిచింది. 2024 జనవరిలో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ప్రకటించిన డెర్మాసెన్సర్ వాడేది రామన్ కాదు, తరంగదైర్ఘ్యం మారకుండా చెదిరే వెలుగు. అది కూడా నలభై దాటినవారిలో, వైద్యుడికి ముందే అనుమానం వచ్చిన మచ్చల మీద, చర్మవైద్యుడి దగ్గరికి పంపాలా వద్దా తేల్చడానికి మాత్రమే. బయాప్సీ స్థానంలో కాదు. మీ ప్రశ్నను కూడా అంత ఇరుకుగా రాసుకోండి: బుగ్గ మీద, పొగాకు వాడేవారిలో, అనుమానం వచ్చిన మచ్చ మీద, బయాప్సీ ఏ చోట తీయాలో చూపించడం. అప్పుడు ఎంతమంది రోగులు కావాలో లెక్క కట్టొచ్చు, పోలిక గుంపు ఎవరో తెలుస్తుంది. కొత్త ముక్కలు మొదలుపెట్టే ముందే ఆ వాక్యాన్నీ, శుద్ధి వరుసనూ, విడదీసే పద్ధతినీ ఒక కాగితం మీద రాసి తేదీ వేయండి. తర్వాత డేటా చూసి మార్చొద్దు.